పిలవని పంతులు

రామచంద్రం పంతులుకు కోపం ముక్కు మీద ఉండేది. పిల్లల మీద మాత్రం కాదు. ఎంత అల్లరి చేసినా పిల్లల మీద ఆయన చెయ్యి లేవలేదు. ఆయన మండిపడేదంతా పెద్దవాళ్ల మీద. బడిని గొడ్లకొట్టంలా వదిలేసిన సర్కారు మీద, బడి పిల్లలతో నీళ్లు మోయించుకునే దొర మీద, తమ బిడ్డ పొద్దంతా ఎవరి పక్కన కూర్చుంటుందో కూడా అడగని తల్లిదండ్రుల మీద.

ఆ కోపం ఊరికే రాలేదు. ఆయనది కొత్తకోట వైపు ఒక చిన్న పల్లె. చిన్నప్పుడు తండ్రి ఆయన్ని పొరుగూరి బడిలో వేశాడు. అక్కడి అయ్యవారు పిల్లవాడి చేత ఇల్లు ఊడ్పించాడు, అంట్లు తోమించాడు, తన బర్రెను మేపించాడు. ఇంట్లో చెబితే వీపు చీరేస్తానన్నాడు. తండ్రేమో కొడుకు చదువుకుంటున్నాడని కనిపించిన వాడికల్లా చెప్పుకుని మురిసేవాడు. ఒకనాడు ఎవరో పెద్దమనిషి చేతికి కాగితం ఇచ్చి చదవమంటే పిల్లవాడు నోరు తెరవలేకపోయాడు. తండ్రి తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, కొడుకును వెంటబెట్టుకుని ఇంటికి నడిచాడు. ఆ తర్వాత మేనమామ పంచన ఉండి, ఉర్దూ పరీక్షలు గట్టెక్కి పంతులయ్యాక రామచంద్రం ఒకటే పట్టుదల పట్టాడు. తన బడిలో ఏం జరుగుతుందో ప్రతి తల్లికీ తండ్రికీ తెలిసి తీరాలి.

ఆయన పనిచేసింది నల్లగొండ జిల్లాలో, కేతేపల్లి నుంచి బండిబాట పట్టి లోపలికి పోతే వచ్చే మేడిగుట్టలో. ఏడో తరగతి దాకా ఉన్న మిడిల్ స్కూలు. చుట్టుపక్కల పల్లెలన్నింటికీ అదే పెద్ద బడి. పాఠాలు ఉర్దూలో ఉండేవి. ఇంటిదగ్గర ఎవరికీ ఆ ముక్క రాదు. పంతులు ఉర్దూ పుస్తకం చేతిలో పట్టుకుని తెలుగులో చెప్పేవాడు. తనిఖీకి ఎవరన్నా వస్తున్నారంటే మళ్లీ ఉర్దూ.

మొదట్లో ఆయన ఇళ్లకే పోయి చెప్పబోయాడు. అది కుదిరితే కదా. సర్కారు మనిషి గడపలోకి వచ్చాడంటే ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వచ్చాడని ఆ పల్లెల్లో అందరికీ అనుభవం. పంతులు వాకిట్లో నిలబడి "మీ పిలగాడు" అనేలోపే ఇంటావిడ గంప కింది కోడిని పట్టి కాళ్లు కట్టేసేది. ఒకరింట్లో నెయ్యి ముంత తెచ్చి ముందు పెట్టారు. ఇంకొకరింట్లో ఇంటాయన వెనక గోడ దూకి చేన్లలో పడ్డాడు.

"నాకు కోడొద్దు, నెయ్యొద్దు. నీ కొడుకు నిన్న లెక్కలల్ల ఏం చేసిండో చెప్పనీకి వచ్చిన. జర ఇనవమ్మా," అని ఆయన గొంతు పెంచితే, "కోపానికి రాకుండ్రి సారు, ఇంకో కోడి కూడ పట్టిస్త," అని ఆ తల్లి వణికిపోయేది. పంతులు పళ్లు కొరుక్కుంటూ వచ్చేసేవాడు. ఇంత భయం వీళ్లకు నేర్పిన వాళ్లను నిలబెట్టి అడగాలనిపించేది. ఎవరిని అడగాలి? కోటలాంటి గడీలో కూర్చున్న దొరనా?

అందుకని ఆయన వాళ్ల పనిలోకే పోవడం మొదలుపెట్టాడు. బడి వదిలాక, సెలవు రోజుల్లో, మోటబావుల దగ్గర కనిపించేవాడు. రైతు ఎద్దుల్ని పల్లానికి తోలుతుంటే పంతులు పక్కనే దిగేవాడు. బొక్కెన పైకి వచ్చి నీళ్లు కాలువలో పడేదాకా ఆగేవాడు. ఎద్దులు వెనక్కి నడుస్తూ దరి ఎక్కుతుంటే తనూ ఎక్కేవాడు. అలా దిగుతూ ఎక్కుతూ పిల్లల సంగతులన్నీ చెప్పేవాడు. ఎవడు చింతగింజలు కాల్చుకుని తెచ్చి క్లాసంతా పంచాడో, ఎవడికి అక్షరాలు కుదిరాయో, ఎవడు పాఠం నడుస్తుంటే పలక మీద పంతులు బొమ్మే గీశాడో. చేతిలో ములుగర్ర, కళ్లు ఎద్దుల మీద. అక్కడ ఏ తండ్రీ కోడి కోసం పరుగెత్తలేడు కాబట్టి నిదానంగా వినేవాడు. కలుపు తీసే తల్లులకు గట్టు మీద నడుస్తూ చెప్పేవాడు. పంతులు ఎవరినీ బడికి పిలవడు, తనే వస్తాడు అని పల్లెలన్నింటికీ తెలిసిపోయింది.

అలా వినే వాళ్లలో జంగయ్య ఒకడు. చింతకుంట అనే పక్క పల్లెలో రెండెకరాల రైతు. వాళ్ల అమ్మాయి అండాలు ఆరో తరగతి. ఆ బడిలో ఆడపిల్ల అంటే ఆ ఒక్కతే. ఆమెను ఈ పెద్ద బడికి పంపేలా ఒప్పించడానికి పంతులు ఎన్నిసార్లు ఆ మోట దరి ఎక్కి దిగాడో లెక్క లేదు. దొరలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్లు ఊళ్లోకి వచ్చి, వెట్టి బందు పెట్టి, దొర హైదరాబాదుకు పారిపోయిన రోజులవి. ఏ పనైనా చేయొచ్చునన్న ధైర్యం అప్పుడు జనంలో ఉంది. జంగయ్య ఆ ధైర్యంతోనే కూతుర్ని పంపించాడు.

ఆ తర్వాత నిజాం తరఫు రజాకార్లు వచ్చి కొంపలు తగలబెట్టారు. వాళ్ల పీడ విరగడ చేస్తామని యూనియన్ మిలిట్రీ వచ్చింది. రజాకార్లు నాలుగు రోజుల్లో మాయమయ్యారు. మిలిట్రీ మాత్రం పోలేదు. ఇప్పుడు సంఘం వాళ్లకు అన్నం పెట్టినవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టింది. మిలిట్రీ మోటర్ల వెనకే దొర తిరిగొచ్చాడు. పోయేటప్పుడు నిజాం కొలువు రూమీ టోపీ పెట్టుకుని పోయిన మనిషి, వచ్చేటప్పుడు కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు. టోపీ ఒక్కటే మారింది. గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలన్న పాత ఆనవాయితీ మర్నాటికే మళ్లీ మొదలైంది. బడికి దారి గడీ ముందు నుంచే. తన క్లాసు పిల్లలు చెప్పులు చంకలో పెట్టుకుని, తలలు వంచుకుని నడిచి రావడం చూసిన రోజు రామచంద్రం పాఠం చెప్పలేకపోయాడు. కోపంతో సుద్దముక్క చేతిలోనే పొడైంది.

పల్లెల్లో మగవాళ్లు ఇళ్లలో పడుకోవడం మానేశారు. పగలు కూడా చేన్లలోనో గుట్టల్లోనో ఉండేవాళ్లు. పంతులు అక్కడికీ పోయేవాడు. జంగయ్య తన బావి విడిచి, గుట్ట వెనక బావమరిది బావి దగ్గర మోట కొడుతుంటే అక్కడే పట్టుకున్నాడు.

"నీ బిడ్డ నిన్న ఏమడిగిందో ఎర్కేనా? చేను కొలిచే లెక్క చెప్తుంటె లేసి నిలబడి, గడీ దొర భూమి ఎవరు కొలిచిన్రు సారు అన్నది."

జంగయ్య నవ్వాడు గానీ, ఎప్పుడూ అనే మాటే అన్నాడు. "నాకేం తెలుస్తది పంతులూ. నేను బడి గడప తొక్కిననా పాడా."

ఎందుకో ఆ రోజు ఆ మాట పంతులుకు కారం రాసినట్టయింది. "ఎన్నేండ్లు ఇదే మాట అంటవు? నేను చెప్తే ఇనుడే గాని, నీ కండ్లతోని చూడవా? ఒక్కసారి వచ్చి చూడు. నీ బిడ్డ కిటికి పక్కన కూసుంటది, సదివితే బయట బాటకు ఇనవడ్తది. తండ్రివి నువ్వు రాకపోతే ఎవడు రావాలె?"

"నన్ను రానిస్తరా? గడీ ముంగట చెప్పులిడిసి, దొంగలెక్క రావాల్నా?"

"చెప్పులేసుకొనే రా. నేనుండంగ నిన్ను ఎవడాపుతడో చూస్త."

జంగయ్య ఎద్దుల్ని ఆపాడు. నిండిన బొక్కెన బావి మధ్యలో వేలాడుతుండిపోయింది. పంతులు ముఖంలోకి చూసి, "వస్త," అన్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే ఒకనాడు, పిల్లలు ఇళ్లకు పోయాక, దొర మిలిట్రీ కెప్టెన్‌ను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఏం పంతులూ, బాయిలెంబడి తిరుగుతున్నవట. ఎవడు యాడ దాసుకున్నడో నీకు ఎర్కేనట."

"నాకు పిల్లల సంగతే ఎర్క దొరా."

"మంచిగాయె. పిల్లల సంగతే చెప్పు. చింతకుంట, పక్క రెండు పల్లెల తల్లిదండ్రుల్ని బడికి పిలువు. నీ మాటంటే వస్తరు గద."

పంతులుకు అర్థమైంది. తండ్రులు బడికి రావాలి, బడి వెనక మిలిట్రీ మోటరు ఉండాలి. "నేనెవ్వల్ని పిలవలే. పిలువ," అన్నాడు.

"నువ్వు పిలవకుంటే పాయె, నీ పేరు పిలుస్తది," అని దొర లేచాడు. పోతూ పోతూ పంతులు బడి దాటి పోకుండా గుమ్మం దగ్గర ఇద్దరు సిపాయిల్ని పెట్టించాడు.

ఆ సాయంత్రమే దొర పంపగా చాటింపు వేసే గాలయ్య డప్పు కొట్టుకుంటూ పల్లెలకు బయల్దేరాడు. రేపు బడిలో రామచంద్రం పంతులు పిల్లల చదువు సంగతి చెబుతాడు, తండ్రులంతా రావాలని చాటింపు. బడి అరుగు మీద కూర్చుని పంతులు ఆ డప్పు విన్నాడు. ఇన్నేళ్లు తిరిగి తిరిగి, కాళ్లకు ముళ్లు గుచ్చుకుని సంపాదించిన నమ్మకాన్ని ఉరితాడు చేసి ఆ రైతుల మెడకే వేస్తున్నారు. ఒకటే ధైర్యం. పంతులు పిలిచే మనిషి కాదని వాళ్లకు తెలుసు. ఆ ఒక్క తెలివి వాళ్లకు ఉంటే చాలు.

తెల్లవారి బడి మామూలుగానే మొదలైంది. మోటరు బడి వెనక గోడ చాటున పెట్టారు. సిపాయిలు తుపాకులతో పక్క గదిలో కూర్చున్నారు. దొర, కెప్టెన్ వరండాలో స్తంభాల చాటున కూర్చున్నారు. పంతులును క్లాసు గుమ్మంలో అందరికీ కనబడేలా నిలబెట్టారు. పొద్దెక్కింది. ఒక్క మనిషి రాలేదు. బాట మీద పిట్ట కూడా లేదు. పంతులుకు లోపల నవ్వొచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి దొరకు ఆకలేసి, చిరాకేసి, భోజనానికి గడీకి పోయాడు. ఇక గండం గడిచినట్టేనని పంతులు అనుకున్నాడు.

అప్పుడు వచ్చాడు జంగయ్య.

ఉతికిన ధోతి, ఎర్ర తలపాగా. కాళ్లకు చెప్పులు. గడీ ముందు నుంచి చెప్పులతో, తల ఎత్తుకుని నడిచి వస్తున్నాడు. డప్పు విని, పోవద్దని ఆపిన వాళ్లందరికీ అతను ఏం చెప్పి ఉంటాడో పంతులుకు తెలుసు. మీ సంగతి నాకు తెలవదు, నన్నయితే పంతులు నోటితోనే రమ్మన్నడు, అని ఉంటాడు. కిటికీ పక్కన గోనెపట్టా మీద కూర్చున్న అండాలు తండ్రిని చూసింది. ముఖం వెలిగిపోయి సగం లేచింది.

కెప్టెన్ కూడా చూశాడు. ఎవరతనని ఉర్దూలో అడిగాడు. అతనికి తెలుగు రాదు, ఏ ఊరి మనిషి మొహమూ తెలియదు. తెలిసిన దొర భోజనం చేస్తున్నాడు.

రామచంద్రం ఒక్క అంగలో వరండా దిగాడు. "కట్టెలవాడు సాబ్, పొద్దున కట్టెలు తేవాల్సినవాడు ఇప్పుడు తగలడ్డాడు," అని ఉర్దూలో అరిచి జంగయ్య మీదికి పోయాడు.

"ఏంరా, కట్టెలేవిరా? పొద్దుగాల రమ్మంటే గిప్పుడా వచ్చేది? చెప్పులేసుకొని వస్తవురా బడిలకు? ఇడువు. ఇడువురా చెప్పులు, బద్మాష్."

జంగయ్య కదల్లేదు. అర్థం కాక నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పంతులు అతన్ని పట్టి కుదిపి, వంగి, ఆ చెప్పుల్ని కాళ్ల నుంచి లాగి బాట మీదికి విసిరేశాడు. మెడ మీద చెయ్యి వేసి బడి పక్క సందులోకి నెట్టాడు. "ఎనకనుంచి పోయి కట్టెలు తీసుకరా. పో."

లోపలి నుంచి "నాయినా" అన్న మాట సగం వినిపించింది. పంతులు వెనక్కి తిరిగాడు. అండాలు లేచి నిలబడి ఉంది. ఇంకొక్క మాట ఆ పిల్ల నోట వచ్చి, తెలుగు రాని కెప్టెన్‌కు కూడా అర్థమైపోతే తండ్రి గతి ఏమవుతుందో ఆయనకు కనబడుతూనే ఉంది.

"కూసో," అని గద్దించాడు. ఆ బడిలో ఆయన గొంతు పిల్లల మీద అలా లేవడం అదే మొదలు. అండాలు ఆయన్ని చూస్తూ చూస్తూ కూర్చుంది. ఆ చూపులో ఉన్నది భయం కాదు, అసహ్యం.

సందులోకి పోయిన జంగయ్యకు గోడ చాటు మోటరు కనబడింది. అప్పుడు తెలిసింది. ఉత్త కాళ్లతో చేన్లకు అడ్డం పడి, ఇంటి ముఖం చూడకుండా నందికొండ వైపు చుట్టాల ఊరికి పోయాడు. భోజనం చేసి వచ్చిన దొర ఎవరన్నా వచ్చారా అని అడిగాడు. కట్టెలవాడొకడు చెప్పులేసుకుని వచ్చాడని కెప్టెన్ చెప్పాడు. కట్టెలమ్మేవాడు గడీ ముందు చెప్పులతో ఎట్లా వస్తాడని దొర మొహం మాడిపోయింది. బాట మీద పడి ఉన్న చెప్పులు చూశాడు. అప్పటికి ఆలస్యమైంది. ఆ కసి అంతా పంతులు మీద తీర్చుకున్నారు. పిల్లలు చూస్తుండగానే సిపాయిలు తుపాకి మడమలతో కొట్టి, అదే మోటరులో ఎక్కించి నల్లగొండ పంపారు. సంఘానికి వార్తలు మోసినవాడని కేసు పెట్టి జైల్లో వేశారు.

దెబ్బలు మానాయి. కోపం మానలేదు. దొర మీద, కెప్టెన్ మీద సరే. అన్నింటికంటే ఎక్కువ, ఆ రోజు తన నోట వచ్చిన మాటల మీద. అవి ఎక్కడ నేర్చుకున్నాడో ఆయనకు తెలుసు. గడీవాళ్లు రైతుల్ని పిలిచే తీరే అది. అంత తేలిగ్గా తన నోట పలికింది.

ఎండలు మొదలైన రోజుల్లో ఒకనాడు జంగయ్య భార్య పుల్లమ్మ జైలుకు వచ్చింది. కూతుర్ని చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది. కటకటాల అవతల నిలబడి బాగోగులు కూడా అడగలేదు.

"దీన్ని అడుగు సారూ. కొత్త సారొచ్చిండు, బడి నడుస్తాంది, ఇది పోనంటాంది. మా ఆయనను బతికించినవని ఆయనే కబురంపిండు. దీనికి చెప్పిన. కొట్టిన కూడ. ఇంటలేదు. మా నాయిన చెప్పులు ఇసిరిన బడికి నేను పోనంటది. పిల్ల సంగతి ఇంటిదాక వచ్చి చెప్పేటోనివి గద, గిప్పుడు నువ్వే చెప్పు."

అండాలు తలెత్తలేదు. పంతులు కటకటాల దగ్గరికి జరిగాడు. మోట దరి మీద చెప్పినట్టే, తల్లికే చెప్పడం మొదలుపెట్టాడు.

"పుల్లమ్మా, ఆనాడు బడిల నీ బిడ్డ ఏం చేసిందో చెప్త ఇను. తండ్రిని చూసి లేసింది. పిలవబోయింది. నేను గద్దిస్తే కూసున్నది. కడుపుల ఎంత మంట ఉన్నదో దాని మొఖంల నాకు కనబడ్డది. మంటనంత మింగి నోరు మూసుకున్నది. అది నాయినా అని ఇంకొక్కసారి అంటే అయిపోతుండె. నేను అరిసుడు ఎంత, నీ బిడ్డ అరవకుండ కూసునుడు ఎంత. నీ మొగన్ని బతికించింది అది. గా సంగతి ఇంట్ల ఎవ్వరికీ తెలవదు. చెప్పాలె గద, అందుకే చెప్తాన."

పుల్లమ్మ కూతురి వైపు తిరిగింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

అండాలు తల ఎత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, కోపం మాత్రం తగ్గలేదు. "నువ్వే గద చెప్పులేసుకొని రమ్మన్నది," అంది. "నాయిన ముందు దినం ఆముదం రాసి మెరిపిచ్చుకున్నడు చెప్పులు. నువ్వే ఇడిపించినవు. అందరు చూసిన్రు."

"అవును," అన్నాడు పంతులు. సమర్థించుకోలేదు. "నేనే రమ్మన్న, నేనే ఎల్లగొట్టిన. ఇను బిడ్డా. నేను పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి ఏ తండ్రిని నలుగురు ఇనంగ బడికి పిలవలే. నా పేరు పెట్టి దొర పిలిచిండు గని నేను పిలవలే. గిప్పుడు పిలుస్తున్న. నేను ఇడుదలైన మర్నాడు బడి గడపల నిలబడి, గడీకి ఇనవడేటట్టు మీ నాయినను పేరు పెట్టి పిలుస్త. చెప్పులేసుకొని రమ్మను. ఆయన కాలుకు నేనే తొడుగుత. అందరు చూడాలె."

జవాను వచ్చి టైమైపోయిందని కర్రతో కటకటాల మీద కొట్టాడు. పుల్లమ్మ కళ్లు తుడుచుకుని మూట చంకన పెట్టుకుంది. అండాలు మాత్రం కదలకుండా పంతులునే చూస్తోంది, ఆ మాట ఎంతవరకు నమ్మొచ్చో తూచుకుంటున్నట్టు.

"గట్లయితే గానాడు నాయిన వచ్చేసరికి నేను కిటికి కాడ ఉండాలె గద," అంది ఇంకా కోపంగానే. "నా జాగల ఎవరో కూసున్నరట. రేపు పోయి లేపుత."